అర మిల్లీమీటరు

గ్యుమ్రీలో మంచు తెరిపిచ్చిన మంగళవారం
హీటరు ముందు చేతులు కాచుకుంటూ
వర్ద్‌గెస్ అడిగాడు:
"నొప్పే లేదు కదా, ఫోటో ఎందుకు?"

నొప్పి ఉంటే ముందే వచ్చేవాడు.
దవడ ఎముక చప్పుడు చేయకుండా తరుగుతుంది,
అడుగున గట్టు కోసుకుపోతున్నా
పైన గడ్డి పచ్చగానే ఉన్నట్టు.

చిగురు అనే మాట కొమ్మకీ నోటికీ ఒకటే.
కొమ్మ మీద అది ముందుకొస్తుంది.
డెబ్బై ఒకటో ఏట, నోట్లో, వెనక్కి పోతుంది.

సెన్సరు కరిపించి, గోడ చాటుకి వెళ్ళి మీట నొక్కాను.
తెర మీద కింది వరస ముందుపళ్ళు
సన్నగా, పొడుగ్గా,
వేళ్ళు బయటపడ్డ మొక్కల్లా.
ఊపిరి తీసేలోపు యంత్రం గీసేసింది:
పింగాణీ ముగిసే చోట నీలం గీత,
ఎముక మొదలయ్యే చోట ఎర్ర గీత.
ఆ రెంటి మధ్య ఎడమే జబ్బు.

దీనికి చూపు నేర్పిన ముగ్గురిలో నేనొకదాన్ని.
యెరెవాన్‌లో నాలుగో అంతస్తు గది, రెండు చలికాలాలు,
పదకొండు వేల దవడలు.
పేర్లు ఉండవు. వయసు, ఒక నంబరు, అంతే.
ఒక్కో పంటికీ చుక్కలు పెట్టాలి.
ఎముక అంచు పుస్తకంలో బొమ్మంత తీరుగా ఉండదు,
పొగమంచులో అవతలి ఒడ్డు అది.
నాజెనీ ఎప్పుడూ లోతుగా పెట్టేది, పిరికిది.
హ్రాయ్‌ర్ పైపైన పెట్టేవాడు,
చెడ్డ కబురు చెప్పడం అతని వల్ల కాదు.
మా ముగ్గురి తగువుకీ సగటు కట్టి
దానికి నిజం అని పేరు పెట్టారు.

ఆఖరి నాలుగు నెలలు వాళ్ళిద్దరూ మానేశారు.
మిగిలిన దవడలకి నేనే నిజం.

నాది ఎడమచేతి వాటం.

ఇవాళ ఆ ఎర్ర గీత తిన్నగా నడిచి నడిచి
కుడి చివరి పంటి దగ్గర
గడప దాటుతున్నట్టు కాస్త పైకి లేచింది.
ఆ లేవడం నేనెరుగుదును.
తెర అంచుదాకా చెయ్యి చాచినప్పుడు
నా మణికట్టు తిరిగే తీరు అది.
ఎవరి నోట్లోనో, నా చెయ్యి.

"ఆరు మిల్లీమీటర్లు" అని చదివింది డాక్టర్ షుషానిక్.
"ఆ చివరిది ఇంకాస్త కిందికి ఉంటుందేమో" అన్నాను.
ఎలా తెలుసని అడగలేదు.
నల్ల గీతల సన్నపు కడ్డీ తీసుకుని
చిగురు పక్కగా దించింది.
పంటి బిగువున భరిద్దామన్నా వీల్లేదు,
నోరు తెరిచే ఉంచాలి.
ఒక్క రక్తపు చుక్క.
ఆరున్నర.

వర్ద్‌గెస్ లేచి కూర్చుని తెర వంక చూశాడు.
"భూకంపానికి మా వీధిలో ఒక వరస నిలబడింది.
అందరం సంతోషించాం.
ఆర్నెల్ల తర్వాత వాటినీ కూల్చేశారు."
ఇంకేమీ చెప్పకుండా కోటు జేబులోంచి
గుడ్డలో చుట్టిన దుదుక్ పీక తీసి
తిమ్మిరెక్కిన పెదవికి ఆనించి చూసుకున్నాడు.
"వసంతంలో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను.
వాయించగలనా?"

యంత్రంలో ఆ గడి లేదు.
డాక్టరు సిగరెట్ల గురించి మాట్లాడింది,
వేళ్ళదాకా శుభ్రం చేయడం గురించి,
మళ్ళీ మూడు నెలలకి తీసే ఫోటో గురించి.
నేను ఎర్ర చుక్కని పట్టుకుని కిందికి లాగాను.
"మార్పు భద్రపరచాలా?" అంది తెర.
భద్రపరిచాను. ఒక్కటి.
మిగిలినవి ఏ ఊళ్ళలో, ఎవరి దవడల మీద
అలా పైకి లేస్తున్నాయో.

కార్డు మీద తేదీ వేసిచ్చాను: మే పద్నాలుగు.
చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివి
"ఆ రోజు పెళ్ళి" అన్నాడు.
కొట్టేసి, పదహారు వేశాను.
అంకె కాస్త పైకి పోయింది.