ఫ్లాష్ వాడరాదు

పర్లాకిమిడి కలెక్టరాఫీసు గేటు దగ్గర
మా పదకొండు మందినీ రెండుసార్లు లెక్కపెట్టాడు గార్డు.
కెమెరాలు మాత్రం ఆరే.
నాదీ ఝున్నుదీ ఒకటే, పూటకొకరి మెడలో.

"ఉద్యోగాలు ఎక్కడెక్కడ ఉంటాయో కళ్ళారా చూడండి"
అన్నారు బెహరా సారు,
పుట్టగొడుగులు ఏ గట్టున మొలుస్తాయో చూపించేవాడిలా.

సమాచార శాఖ ఫొటోగ్రాఫరు చెప్పింది ఇంతే:
రిబ్బను తెగేటప్పుడే నొక్కాలి.
తెగాక నొక్కితే అది గుడ్డముక్క.
ఇరవై ఆరేళ్ళు కత్తెరలకి ఎదురుగా నిలబడ్డాడట.
గోడ నిండా ఫొటోలు, ఒక్కదానిలోనూ తను లేడు.
పింఛను కాగితానికి పాస్‌పోర్టు ఫొటో కావాలంటే
బజారుకెళ్ళి తీయించుకున్నానని
తనే ముందు నవ్వాడు.

పోలీసాఫీసులో లిలిమా సబర్
పెట్టె తెరిచి ఒక ప్లాస్టిక్ స్కేలు చూపించింది.
"గాయం పక్కన ఇది పెట్టి తీస్తాను.
ఎంతుందో అంతే కనబడాలి.
ఇంట్లో మా బుడ్డోడిని తీసినా
పక్కన ఏదో ఒకటి పెట్టబుద్ధవుతుంది."
ఎవరం నవ్వలేదు.
ఝున్ను కెమెరా తీసి నా మెడలో వేసేసింది.

ముఢీ, ఘుగునీ తిన్నాక రికార్డు గది.
తలుపు మీద ఒడియాలో, ఇంగ్లీషులో: ఫ్లాష్ వాడరాదు.
ఎర్రగుడ్డ మూటలు, ఉండలు కట్టిన కలరా ఉండల వాసన,
ఒకే ఒక్క కిటికీ.
"ఆ చివరి బీరువా మద్రాసు కాలంది.
అన్నీ జిలేబీ అక్షరాలు" అన్నాడు పాణిగ్రాహి బాబు,
"అన్నీ స్కాను చేయించేశాం."

తెర మీద చూశాను.
పేజీ తలకిందులుగా ఉంది.
తర్వాతదీ. దాని తర్వాతదీ.
మూడొందల పేజీలు శీర్షాసనం వేసి ఉన్నాయి,
ఏ ఒక్కరికీ తెలియకుండా.

"నీకెలా తెలిసింది?"
చదవడం వచ్చు బాబూ.
బడిలో నేర్పలేదు.
పాతపట్నం నుంచొచ్చే బస్సుల నుదుళ్ళ మీద
నేర్చుకున్నాను,
అమ్మ దగ్గుమందు సీసా మీద కొంత.

అసలు కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. చదువు, అన్నాడు.
తడబడుతూ చదివాను:
*నా ఆవు గోధుమ వన్నెది. యెడమ కొమ్ము విరిగినది.
బందెలదొడ్డిలో వుంచినారు.
వేరొకడు తనదనుచున్నాడు.
దానిని నా యెదుట నిలిపిన యెడల
అదియే చెప్పగలదు.*

కొమ్ము దువ్వెనలు చేసేవాడి కూతుర్ని.
విరిగిన కొమ్ము దగ్గర ఆగిపోయాను.
మా నాన్నైతే అడిగేవాడు:
మొదట్లో విరిగిందా, కొనలోనా?

స్టాండు లేదు. కట్టల మీద కెమెరా ఆనించాను.
వెలుతురు చాలక అర సెకను పెట్టి
ఊపిరి బిగబట్టాను.
గాలికి లేస్తున్న అంచుని పాణిగ్రాహి బాబు వేలితో ఒత్తిపట్టాడు.
టక్.

"దీనికి ఉద్యోగం ఉంటుందా సార్?" అడిగాను బయటికొచ్చాక.
"టెండరుంటుంది. పేజీకి ఇంతని.
ఆరు నెలలుండొచ్చు" అన్నారు,
అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

బస్సులో అందరం ఫారాలు నింపాం:
మీరు ఏమవ్వాలనుకుంటున్నారు?
ఝున్ను డ్రోను, పెళ్ళిళ్ళు అని రాసింది, గుండ్రంగా.
నా గడి ఖాళీ.
ఒళ్ళో కెమెరా తెర వెలుగుతోంది.

ఆవు ఇంటికొచ్చిందో లేదో ఆ కాగితంలో లేదు.
అక్షరాలు కాస్త కదిలాయి.
కింద మూలన ఒక బొటనవేలు పడింది,
గోరులో సిరా, పక్కన చిన్న పుట్టుమచ్చ.
కత్తిరించెయ్, బాగుంటుంది, అంది ఝున్ను.

ఉంచేశాను.
ఆ కాగితం ఎంతుందో
తెలియాలి కదా.