మునక నంబర్లు

సోమశిల రేవుల ఏడుగురం ఎక్కినం.
ఎనిమిదో మనిషిని ఎక్కించుకోలే ఎర్రయ్య.
"ఏడుగురికే నా పడవ మాటింటాదండి" అన్నడు.
మైలపల్లి ఎర్రయ్యది విశాఖ దిక్కు.
ఇరవై ఏండ్ల సంది మా కృష్ణల వల ఏసుకుంట
తిప్ప మీద టార్పాలిన్ గుడిసెల ఉంటడు.
ఇంకా పొద్దుగాల దోసిట్ల నీళ్ళు పట్టి
నాలుకకు తాకిస్తడు,
ఉప్పు తగులుతదేమోనని.

మొదటి తిప్ప గొర్రెలది.
ఎండిన పెంటికలు, ఒంటి చెప్పు, రెండు తుమ్మచెట్లు.
నసీమా అక్క తుమ్మచెట్టు కింద ఫోటో దిగింది.
రెండోదానికి పేరు లేదు.
పేరు లేని జాగ కనవడితే నా కాళ్ళు ఊకోవు,
పదహారేండ్ల సర్వేయర్‌ను.
అడుగులు ఏసి కొలిచిన:
పొడుగు నూట నలభై, అడ్డం అరవై.
"మల్ల ఆగస్టుల కొలువమ్మా"
అని నవ్విండు మా అటెండరు కుర్మయ్య.

నసీమా అక్క కొడుకు ఇమ్రాన్ సంచిలకెల్లి తీసిండు
అద్దాల మాస్కు, నోట్లె పెట్టుకునే గొట్టం.
డబ్బా మీద బొమ్మ:
నీలం నీళ్ళు, పసుపు చారల చేపలు, పగడాలు.
మార్చి నెల, మా నీళ్ళు
పెసరకట్టు రంగుల ఉన్నయి.
"మొసళ్ళుంటయా అన్నా?"
"ఉంటాయి బాబూ. ఈయేల ఆదోరం కదా."

పిల్లగాడు మునిగిండు, తేలిండు.
"ఏం లేదు ఆంటీ, అంత పచ్చగ."
అప్పుడన్నడు కుర్మయ్య, గట్టు మీద గొంతుకూసోని,
"ఆడ కాదు బిడ్డా. ఇంకో పది బారలు దక్షిణం దిక్కు.
ఆడ మా నాయిన చేను."

తొమ్మిదేండ్లు నాతోటి గొలుసు గుంజిన మనిషి,
ఏనాడూ చెప్పలే.
ఎర్రయ్య గెడ పక్కన పెట్టిండు.
"అక్కడేనండి నా వల సిరిగిపోద్ది. ఎప్పుడేసినా అక్కడే.
ఏటున్నాదో తెలీదు."
ఇద్దరూ ఒక్క అగ్గిపుల్లతోటి
రెండు బీడీలు అంటించుకున్నరు.

నాకు ఈత రాదు.
లారీ ట్యూబు మీద బోర్లవండి,
తాడు ఎర్రయ్య చేతికిచ్చి,
ముఖం నీళ్ళల పెట్టిన.
ముందుగాల నా ఊపిరే ఇనవడ్డది,
పక్క అర్రల ఎవరో పండుకున్నట్టు.
తర్వాత పచ్చదనం.
పచ్చదనంల నలుసులు,
తూర్పారవట్టినప్పుడు ఎగిరే పొట్టు లెక్క.
ఆ పొట్టు ఎనుక, చెయ్యి చాపితే అందేటట్టు,
రాయి.

హద్దురాయిని నేను గుర్తువట్టనా!
నాచు అంగీ తొడుక్కున్నది,
మెడకు నీలం వల పీలికలు.
వేలెడంత చేప ఒకటి
ఈ చేన్లకెల్లి ఆ చేన్లకు పోయింది.
నిలవడ్డది.
మల్ల వచ్చింది.
నోటీసు లేదు, పంచనామా లేదు.
పహాణిల ఈ నంబర్ల ఎదురుంగ
ఒక్కటే మాట రాసుంటది, "మునక" అని.
ఎన్నిసార్లు చూసిన్నో ఆ మాటను,
చూసి పేజీ తిప్పిన్నో.

లేచేసరికి ముక్కుల నీళ్ళు, దగ్గు.
ఇమ్రాన్ అడుగుతున్నడు, నసీమా అక్క అడుగుతున్నది.
కుర్మయ్య మాత్రం నా దిక్కు చూడకుంట
చింతతొక్కు డబ్బా మూత తిప్పుతున్నడు.
"రాయి ఉన్నదా?" అన్నడు.
"ఉన్నది."
"మా నాయిన, ఊశన్న దానికోసం కోర్టుకెక్కిండ్రు.
పదకొండేండ్లు.
తీర్పు రాకముందే నీళ్ళొచ్చినయి."
మూత వచ్చింది. తొక్కు వాసన తిప్పంత పారింది.
"ఎవల దిక్కు జరిగున్నదమ్మా?"

పదహారేండ్ల సంది నన్ను అందరూ అడిగేది అదే.
"గొలుసు తేలేదు కుర్మయ్యా" అన్న.
"అవు" అన్నడు. జొన్నరొట్టె తుంచి
ముందుగాల ఎర్రయ్యకిచ్చిండు.

మూడో తిప్పకు పోలే. గాలి తిరిగింది.
రేవుకు మర్లేటప్పుడు ఆ జాగ కాడ
ఎవ్వరం చెప్పకుండనే ఇంజను బందు చేసిండు ఎర్రయ్య.
ఏడుగురం ఒక్క దిక్కే వంగినం.
పడవ ఒరిగింది.
"సర్దుకోండి, సర్దుకోండి" అని అరిసిండు గని
గెడ పట్టుకొని
తనూ అటే వంగిండు.