దుప్పట్లలో ఇసక

గోపాల్‌పూర్‌లో ఏ హోటలు ఎంత నిండిందో
బోర్డు చూసి కాదు,
దండెం చూసి చెప్తాను.
మా హోటల్లో నలభై రెండు గదులు,
ఎనభై నాలుగు దుప్పట్లు.
అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి.

దులిపినప్పుడు రాలే ఇసకకి
ఒక లెక్క ఉంటుంది.
బరంపురం పిల్లలు దొర్లిన మంచం నుంచి దోసెడు,
కలకత్తా ముసలాయన మంచం నుంచి చిటికెడు.
పాపం, ఆయన వరండాలోంచే సముద్రాన్ని చూసి వెళ్ళిపోతాడు.
కొత్తగా పెళ్ళయినవాళ్ళ దుప్పట్లో
ఇసకతో పాటు ఒక గవ్వ.
దాన్ని కిటికీ మీద పెడతాను,
వెతుక్కుంటూ ఎవరూ రారు.

ఈ లెక్క తప్పింది
మొగలి కొట్టేసిన ఏడాది.

మొగలి మా అత్త దానమ్మకి పొద కాదు,
పొలం.
వానాకాలం, చుక్క ఇంకా ఆరకముందే
గోనెపట్టా చేతులకి చుట్టుకుని
ముళ్ళలోకి దూరేది.
ముప్ఫై పువ్వులు దొరికితే
ఆ పూట చేపలు కొనుక్కునేవాళ్ళం.
నవ్వకండి,
వల వేసే ఇంట్లో కూడా
చేపలు కొనుక్కునే రోజులుంటాయి.
అత్తరు బట్టీ పాణిగ్రాహి దాన్ని కేవడా అంటాడు,
మా అత్త ఎన్నడూ అనలేదు.
కొనేవాడి నోట్లో పేరు మారితే
రేటు మారిపోద్దని ఆవిడ భయం.

మేనేజరు సాహు బాబు మంచివాడే,
జీతం ఒక్క రోజు ఆలస్యం చెయ్యడు.
"కింది గదుల్లోంచి సముద్రం కనబడటం లేదు" అన్నాడు.
"పాములు కూడా" అన్నాడు తర్వాత,
ఒడియాలో ఒకసారి, మాకోసం తెలుగులో ఇంకోసారి.
జేసీబీ వచ్చింది. ఒక్క పూట పని.
ఊరంతా రెండు రోజులు పెళ్ళివారిల్లులా
ఘుమఘుమ.

అత్త ఆ వేళ్ళ కుప్ప మీద కూచుని
ఒక్క మాటే అంది:
"గదికి సముద్రం కనబడితే
సముద్రానికి గది కనబడదేటే?"

ఆ తర్వాత
ఎవరూ దిగని గదుల్లో కూడా ఇసక.
నెల్లాళ్ళుగా తాళం తియ్యని పద్నాలుగో నంబర్లో
ఎవరూ పడుకోని మంచం మీద
మెత్తగా, సాపుగా,
నాకన్నా ముందే ఎవరో దుప్పటి పరిచినట్టు.
పప్పన్నంలో కరకర.
కార్తీకంలో తుఫానుకి
వంటింటి మెట్ల దాకా వచ్చి వెళ్ళింది సముద్రం.
ఈతకొలనులో ఉప్పునీళ్ళూ
ఒక పీతా మిగిలాయి.

సాహు బాబు బండరాళ్ళు తెప్పించాడు.
రెండు లారీలు.
రాళ్ళకి వేళ్ళుండవు కదా,
మలి పోటుకి సగం కూరుకుపోయాయి.

నేను చేసింది పెద్ద పనేం కాదు.
దులిపిన ఇసకని తూములోకి ఊడ్చెయ్యడం మానేశాను.
ఖాళీ పెయింటు డబ్బాలో పోగేసి
డ్యూటీ దిగాక
పాత మొగలి ఉన్న చోట పోసి వస్తున్నాను.
వాచ్‌మన్ దండాసి చూసి
"సముద్రానికి అప్పు తీరుస్తున్నావా ఒదినా" అని నవ్వాడు.
మర్నాడు వాడే
ఆర్జిపల్లి నుంచి ఏడు మొగలి కొమ్మలు
సైకిలు వెనక కట్టుకొచ్చాడు.

అత్త ఇప్పుడు వంగలేదు.
హోటలు పారేసిన కుర్చీలో కూచుని
"ఇంకా లోతుకి! అలా కాదు,
గాలికి వీపు పెట్టి నాటు" అని కేకలు.

రెండు ఎండిపోయాయి.
ఒకటి మేక నమిలింది.
ఒకదాన్ని క్రికెట్ ఆడే కుర్రాళ్ళు
వికెట్టుకని పీక్కుపోయారు.
మూడు బతికాయి.

సాహు బాబుకి తెలుసు, తెలియనట్టే ఉన్నాడు.
నిన్న మాత్రం ఆగి అడిగాడు,
"ఎంత ఎత్తు పెరుగుతాయివి?"
"కింది కిటికీ అంత."
కాసేపు ఊరుకున్నాడు.
"వాసన గదుల్లోకి వస్తుందా?"

ఈ రోజు దులిపిన ఇసక
డబ్బాకి వేలెడు తక్కువైంది.
అత్తకి ఇంకా చెప్పలేదు.
గాలి లేకపోవడం వల్ల కూడా
అయ్యుండొచ్చు.