రెండు పరుపుల నడుమ

మా మంచానికి పరుపులు రెండు.
ఈ దేశంలో చాలా ఇళ్ళలో ఇంతే,
ఎవరి బరువు వాళ్ళది,
నడుమ చెయ్యి దూరేంత సందు.
పెళ్ళయిన కొత్తలో దాన్ని తెగ తిట్టుకున్నాం.
యెల్మర్ దానికి కాలువ అని పేరుపెట్టి
పడవ లేకుండానే దాటి వచ్చేవాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు
విన్సుమ్ ఊరి వీధుల్లో సైకిలెక్కి ఉత్తరాలు పంచాను,
ఎదురుగాలికి తల వంచి
ఒళ్ళంతటి బరువూ ఆ బెత్తెడు సీటు మీద మోపి.
ఎవరింటికి ఏ కబురు మోశానో మరిచిపోయాను.
సీటు మాత్రం నన్ను మరవలేదు.

కటి ఎముకల ఇరుకులోంచి
సన్నటి నరం ఒకటి పోతుందట.
డాక్టరు బొమ్మ గీస్తుంటే పెన్నులో సిరా అయిపోయి
గీత సగంలో ఆగింది.
"ఇదిగో, ఇక్కడే" అన్నాడు.
నాకు తెలీదా ఇక్కడేనని.

పగలు ఎలాగో నిలబడి నెట్టేస్తాను.
నిలబడే తింటాను, నిలబడే పేపరు చదువుతాను.
చర్చిలో వెనక స్తంభానికి ఆనుకుంటే
ఎంత భక్తో ఈ వీట్స్కెకి అనుకుంటారు.
నిలబడి నిద్రపోయే విద్య మాత్రం
గుర్రాలకే దక్కింది.

వెల్లకిలా పడుకుంటే
కుంపటి మీద కూర్చోబెట్టినట్టు.
బోర్లా పడుకుంటే ఊపిరి దిండులోకి, నడుము విల్లులోకి.
ఎడమ పక్కకి పావుగంట,
ఆ తర్వాత లోపల ఎవరో
తడిబట్టను మెలిపెట్టి పిండుతారు.
కుడి పక్క సంగతి అడక్కండి.

మోకాళ్ళ మధ్యకి నా పాత తపాలా సంచి,
తువ్వాళ్ళు కుక్కి, తాడుతో కట్టి.
ఇప్పటికీ అందులో వాన తడిసిన కాగితం వాసన.

మా అమ్మమ్మ అల్మరాలో పడుకునేది,
గోడలో చెక్క గూడు, దానికి రెండు తలుపులు.
కాళ్ళు బారజాపితే
శవమనుకుని మృత్యువు ఎత్తుకుపోతుందని
వీపు వెనక దిళ్ళు పేర్చుకుని
సగం కూర్చునే నిద్రపోయేది.
అమ్మమ్మా, నీకు పడుకుంటే భయం,
నాకు కూర్చుంటే.
మనిద్దరికీ కలిపి ఒక మంచం
ఏ వడ్రంగి చేస్తాడు?

మార్చిలో ఒక రాత్రి,
కిటికీ రెక్కలు గాలికి దడదడమంటుంటే
దొర్లుతూ దొర్లుతూ ఆ సందు మీదికి వచ్చాను.
సగం బోర్లా, సగం పక్కకి,
ఒక మోకాలు సంచి మీద,
రొమ్ము ఈ పరుపు మీద, తొడ ఆ పరుపు మీద,
మండే చోటు మాత్రం సరిగ్గా ఖాళీలో,
దేనికీ తగలకుండా.
కదలలేదు. పిలిస్తే వెనక్కి వస్తుందేమోనని
నొప్పి పేరు కూడా మనసులో అనుకోలేదు.

"ఎక్కడున్నావ్?" చీకట్లో యెల్మర్.
"కాలువలో."
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత మెల్లగా తన అంచుకి జరిగాడు,
ముప్పై ఏళ్ళుగా ఇటు జరిగిన మనిషి
మొదటిసారి అటు.
నాకంత దగ్గరగా ఎప్పుడూ రాలేదనిపించింది.

రెండు గంటల నలభై నిమిషాలు నిద్రపోయాను.
పొద్దున్నే అతను గరాజులో చెక్కముక్కలు కోసి
పరుపుల మధ్య బిగించాడు,
నాలుగు వేళ్ళ వెడల్పు, రెండు మేకులు, ఒక బూతుమాట.

ఐదో రాత్రికి నరం
ఆ చోటు కూడా కనిపెట్టేసింది.

సరే.
తలుపు తీయని ఇళ్ళు నాకు కొత్తా?
గంట కొట్టి, కాసేపు చూసి,
వచ్చి వెళ్ళామని చీటీ గుమ్మంలో జారవేసి
మర్నాడు మళ్ళీ అదే వీధికి వెళ్ళేదాన్ని.
సంచి సర్దుకుంటాను.
ఈసారి కుడి మోకాలు ఇంకాస్త పైకి.