ఉప్పు వేసిన సీసా

గుణుపురం వచ్చేసరికి రైలు ఆగిపోతుంది.
ఆ పైన పట్టాలు లేవు, కొండలే.
ఆసుపత్రి వెనక గదిలో ఉంటాను నేను,
మైక్రోస్కోపూ, రాత్రంతా మూలిగే ఫ్రిజ్జూ,
తలుపు మీద ఒడియాలో
ఒక గుణింతం తప్పిపోయిన నా పేరూ.

గురుబారికి ఏడేళ్లు.
కొడవలి కణాలని పోస్టర్ మీద రాసేరు గానీ
నా కంటికవి ఎండలో వంకర తిరిగిన
చింతకాయ తొక్కలే.
ఇప్పటికి ఇరవయ్యొక్క సంచుల నెత్తురు ఎక్కించేం.
ఎక్కించినప్పుడల్లా దాని ఒళ్లు
ఇంకొకర్ని గుర్తుపెట్టుకుంది,
రానివ్వకూడని వాళ్ల జాబితాలో.

ఈసారి ఫ్రిజ్జులో దాని గ్రూపువి ఆరు.
ఆరూ గడ్డలు కట్టేయి.
ఆరోది నాదే, పోయిన నెల ఇచ్చింది.

"మా పంది నెత్తురు పనికిరాదా అమ్మా?"
బుధియా సబర అడిగేడు.
అతను నవ్వలేదు.
నేను నవ్వేను, అదొక తప్పు.
తప్పు దిద్దుకుందామని
చదివిందంతా చెప్పడం మొదలెట్టేను.

ఎక్కడో చేస్తన్నారు. పంది కణమూ గుండ్రమే,
మన దానికన్నా కాస్త చిన్నది.
దాని ఒంటి మీద చక్కెరతో చేసిన ముల్లొకటుంది.
మనకి ఊహ తెలియకముందే
మన నెత్తురు ఆ ముల్లుతో పగ పెట్టుకుంటుంది.
ఒక ఎంజైముతో దాన్ని కొరికించేస్తారు.
మిగతా గుర్తుల మీద పాలిమర్ పూత పూస్తారు,
కాగిన పాల మీద మీగడంత పల్చగా,
లోపలికి గాలి వెళ్లి రావాలి కదా.
గాజు గొట్టంలో కొంచెం కుదిరింది.
మనిషి ఒంట్లో ఇంకా లేదు.

అతను అంతా విని
"పూతేనా?" అన్నాడు.
ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో
గుర్రాల్నీ నిచ్చెనల్నీ
పెద్దల్నీ గీసే ఇంటివాడు.
పూత అంటే అతనికి
నాకన్నా ఎక్కువ తెలుసు.

మర్నాడు మంగళవారం సంత.
ఎనిమిదింటికే వచ్చేడు, చంకలో సీసా,
అరటాకు చుట్టి, నారతో కట్టి.
ఇంకా వెచ్చగా ఉంది.
"గడ్డకట్టకుండా ఉప్పేసేను,
మా ఆడది కూరకి ఇలాగే ఏస్తాది.
మంచి పంది. అడివి దుంపలే తిన్నాది.
ముల్లు నువ్వు తీసుకో."

ఏం చెప్తాను.
నర్సు సుభాసిని చూసి ముక్కు మూసుకుంది.
పారబొయ్యాలి, అదీ రూలు.
తలుపు గడియ పెట్టి
ఒక్క చుక్క తీసేను.
సెలైన్‌తో మూడుసార్లు కడిగి
గురుబారి సీరం చుక్క పక్కన వేసేను.
ఇంకో పలక మీద నా నెత్తురూ, అదే సీరమూ.
మెల్లగా వంచేను, ఇటూ అటూ.

నాదీ విరిగింది,
పుల్లటి మజ్జిగ పడ్డ పాలలాగ.
పందిదీ విరిగింది.
చీటీలు తీసేస్తే
ఏది ఎవరిదో నేను చెప్పలేను.

చాలాసేపు ఆ రెండు పలకలూ చూస్తూ కూచున్నాను.
చిన్నప్పట్నుంచీ నన్ను నేను
మనిషిననుకుంటూనే ఉన్నాను,
ఆ పిల్ల ఒళ్లు మాత్రం
అంత తొందరగా ఒప్పుకోలేదు.

గురువారం సాయంత్రం బరంపురం నుంచి ఫోను.
ఒక సంచి కలిసింది, అరుదైన రకం,
తెల్లారేసరికి ఐసుపెట్టెలో వస్తుందని.
వచ్చింది.
మొదటి గంటా దాని పక్కనే నిలబడ్డాను,
చలి పుడుతుందేమో, నడుం నొప్పంటుందేమో అని.
గురుబారి బిస్కత్తు అడిగింది.

బుధియా సంచిని అటూ ఇటూ తిరిగి చూసేడు.
"ఎవులిది?"
పేరుండదు, నెంబరే ఉంటుందన్నాను.
"పందిది గాదు గదా?"
ఈసారి అతనే నవ్వేడు, ముందుగా.
"మనిషిదే అంటన్నారు" అన్నాను.

వెళ్లేటప్పుడు సీసా అడిగేడు.
మూడుసార్లు తోమి ఇచ్చేను.
మూతలో ఉప్పు రెండు పలుకులు ఉండిపోయేయి,
గోటితో గీకినా
రాలేదు.