కొసరు సుల్తాన్

ఫహాహీల్ చేపల బజార్లో
తెల్లారకముందే ఐసు మీద పడుకుని ఉంటాడు
సుల్తాన్ ఇబ్రహీం.
జానెడు పొడవు. ఎర్రటి ఒళ్ళు. పక్కల్లో పసుపు చార.
మూతి మీద ఉండాల్సిన మీసాలు
గవద కింద రెండు,
చచ్చాక కూడా బుద్ధిగా ముడుచుకుని.

మొదటిరోజు మహ్రూస్ అరిచాడు,
"ఐదు కిలోల సుల్తాన్! తలలు తీసెయ్!"
కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.
ఏ రాజ్యంలోకి వచ్చిపడ్డాన్రా దేవుడా,
పొద్దున్నే సుల్తాన్ తలలు తియ్యమంటున్నారు,
అదీ కిలోల లెక్కన.

ట్రే తిరగేసి నా ముందు పోశాడు.
చూశాను. నవ్వాగలేదు.
ఓర్నీ, నువ్వంటరా!
గులివిందవి కాదూ నువ్వు?

మా భావనపాడు ఒడ్డున
వల దులిపాక అడుగున మిగిలే గులివింద.
వంజరానికి వేలం, చందువకి వేలం,
సావడాయికైనా ఎండబెట్టే దండెం ఉంటుంది.
గులివింద ధర అడిగినవాణ్ణి నేనెరగను.
మా చిన్నత్త పోలమ్మ గంప దించి
కవళ్ళు అమ్మి, బేరం తెగక విసుక్కుని,
"ఇదుగో, కొసరు. ఇంక నడు" అని
దోసెడు విసిరేది.
ఆ దోసెట్లో ఉండేవాడు ఈ సుల్తాను.

ఇక్కడ కిలో మూడు దీనార్లు.

పేరెలా వచ్చిందంటే ఒక్కొక్కడిదీ ఒక్కో కథ.
ఎవరో సుల్తానుకి ఇది లేకపోతే ముద్ద దిగేది కాదట, మహ్రూస్ చెప్పాడు.
కాదు కాదు, గడ్డం చూసి పెట్టారు, అన్నాడు జోయ్‌నాల్.
ఐసు మోసే ముసలి బలూచీ ఉమ్మేసి,
ఎవడో అమ్ముకోడానికి పెట్టుంటాడు, పనిచూడు, అన్నాడు.
నాకు ముసలాడి మాటే నచ్చింది.

నా పేరు సూరాడ కొర్లయ్య.
కార్డులో సూరాడ మింగేశారు,
కొర్లయ్య కురల్యా అయ్యాడు.
బజార్లో అదీ లేదు. "యా హిందీ!"
నాకొచ్చిన హిందీ నాలుగు ముక్కలు.
అందులో రెండు తిట్లు.

పొలుసు గీసేకొద్దీ ఎరుపెక్కుతుంది దీని ఒళ్ళు.
నేను కోసిన మరే చేపకీ చూళ్ళేదు.
బతికున్నప్పుడు ఆ మీసాలతోనే
ఇసక అడుగంతా తడుముతుంది,
కరెంటు పోయిన రాత్రి మంచం కింద
జారిపోయిన రూపాయి బిళ్ళ వెతికినట్టు.
తల తీసేటప్పుడు అవే వేలికి తగులుతాయి,
తడిసిన దారప్పోగుల్లా.
కత్తి ఒక్క రెప్పపాటు ఆగుతుంది.
వెనక వరస అరుస్తుంది.

మొన్న గురువారం అబాయా ముసలమ్మ ఒకామె
గుడ్డసంచీ చాపి, తలలుంచు, అంది.
తర్వాత,
"మీ దేశంలో దీన్నేమంటారు?"

ఏడేళ్ళలో ఎవరూ అడగలేదు.
గులివింద, అన్నాను.
"గుల్... బిందా?"
గులివింద. ఎర్రగింజ. దానితో బంగారం తూచేవారు.
గింజకి అరబీ తెలుసు నాకు. బంగారానికీ తెలుసు.
ఆ గింజ కింద నలుపుంటుందని,
అది తనకి తెలియదని,
ఆ సామెత మాత్రం నోటిదాకా వచ్చి ఉండిపోయింది.
ఆమె చేపని వెల్లకిలా తిప్పి చూసింది.
తెల్లటి పొట్ట.
ఏం అర్థమైందో, తలూపి,
"మా నాన్నా పడవ మీదివాడే" అంది.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి వెళ్ళిపోయింది.

రాత్రి నేల కడిగి, కత్తి నూరి పెట్టాక
మహ్రూస్ కవరొకటి విసిరాడు.
నాలుగు చేపలు, కాస్త నలిగినవి.
"సుల్తాన్ బలాష్!"
బలాష్ అంటే ఊరికే.
ఇన్నాళ్ళకి మా అత్త మాటకి అరబీ దొరికింది.

గదిలో ఆరుగురం, ఒక స్టవ్వు.
చింతపండు పిసికి, పచ్చిమిర్చి చీల్చి,
తలలతో సహా పులుసు పెట్టాను.
రాయచోటి ఓబులేసుకి ముళ్ళంటే భయం.
గిన్నెలోకి వంగి, "ఏం చేపన్నా ఇది?" అన్నాడు.

చెప్పబోయి ఆగాను.
సుల్తానంటే ఖరీదడుగుతాడు.
గులివిందంటే ఎవరి కొసరని అడుగుతాడు.
"ముందు తిను."

పులుసు మీదికి తల ఒకటి తేలింది,
మీసాలు విచ్చుకుని,
ఇంకా ఏదో తడుముతున్నట్టు.
ఓబులేసు గరిటెతో అవతలికి నెట్టాడు.
అది మళ్ళీ వచ్చింది.