పరామర్శ

ఆ అక్టోబరులో డబ్లిన్‌లో
లిఫ్టులో కూడా ఎవరూ వాన గురించి మాట్లాడలేదు.
గోడ మీది టీవీలో ఎర్ర అంకెలు
పొంగిన పాలలా కిందికి కారుతూనే ఉన్నాయి.

నా పని ఉత్తరాలు రాయడం.
వంద యూరోలకు డెబ్భై సెంట్లు పేద దేశాలకిస్తామని
నిండు సభలో ఇచ్చిన మాటను
తప్పామని ఎక్కడా చెప్పకుండా తప్పడం.
"రద్దు" అనకూడదు. "కోత" అసలే అనకూడదు.
"గడువును సవరించుకుంటున్నాం" అని రాశాను.
పై అధికారి ఫెర్గల్ "విచారిస్తున్నాం" కొట్టేసి
"గమనించగలరు" అని పెట్టాడు.
బ్యాంకులకిచ్చిన మాట మాత్రం
ఒక్క రాత్రిలో నిలబెట్టుకున్నాం.

మలావీకి పదకొండు ఉత్తరాలు.
ఏడోది ముజింబా జిల్లాలో ఒక బోరుకి.
ఫైల్లో ఫోటో ఉంది:
నలభై ఎనిమిది మీటర్లు. నీళ్లు పడ్డాయి.
చుట్టూ సిమెంటు గట్టు కూడా పోశారు,
ఆరకముందే ఎవరి పిల్లో నడిచింది.
ఇక చేతిపంపు ఒక్కటే రావాలి.
గొట్టం నోటికి ఇనప మూత, మూతకి తాళం.

ఇలాంటి ఉత్తరాలకి జవాబులు రావు.
నెలన్నరకి వచ్చింది, గళ్ల కాగితం మీద,
నీటి కమిటీ కార్యదర్శి ఫైనెస్ హరావా నుంచి:

"మీ బ్యాంకు కూలిపోయిందని జిల్లా ఆఫీసులో చెప్పారు.
రాత్రి కూలిందా, పగలా?
లోపల మనుషులున్నారా?
ఇలాంటప్పుడు ఉత్తచేతులతో పలకరించడం మాకు అలవాటు లేదు.
మొక్కజొన్న పిండి పోగుచేస్తే పోస్టాఫీసులో తీసుకోలేదు.
అందుకని డబ్బు.
గట్టు మీద గింజలు ఆరబెట్టుకుంటున్నాం, బాగుంది.
తాళంచెవి నా దగ్గరే ఉంది.
మీరు కుదుటపడ్డాక పంపు సంగతి చూద్దాం."

కవర్లో మూడువందల నలభై క్వాచాలు,
చెమటకి మెత్తబడిన నోట్లు.
ఇరవై ఆరు పేర్లు, ఎవరెంతిచ్చారో.
చివరిది పేరు కాదు, వేలిముద్ర: అయిదు క్వాచాలు.

ఫెర్గల్ చదివి కళ్లజోడు తీసి తుడిచాడు.
ఏ పద్దు కింద రాయమంటారని అడిగాను.
మా పుస్తకంలో అన్నీ ఇచ్చే గడులే,
అటునుంచి వచ్చేదానికి గడి లేదు.
"తిప్పి పంపెయ్," అన్నాడు.
తలుపు దాకా వెళ్లాక, "ఏమని రాస్తావ్?"

అందరూ వెళ్లిపోయాక కూర్చున్నాను.
ఈసారి గడువులూ సవరణలూ లేవు,
అడిగినదానికి అడిగినట్టే జవాబు.
రాత్రే కూలింది, అని రాశాను.

రెండో ప్రశ్న దగ్గర
కలం ఎత్తిపట్టుకుని ఉన్నాను.